చంక కింద చూపు

మా బావ కారు నడపడం చూసినవాళ్లెవరైనా ఆయనంత బుద్ధిమంతుడు లేడనుకుంటారు. ముందు సీటైనా వెనక సీటైనా అందరూ బెల్టు పెట్టుకున్నాకే తాళం తిప్పుతాడు. గతుకు ఎక్కడో కనిపిస్తే ఇక్కడి నుంచే నెమ్మదిస్తాడు. "ఎదురొచ్చేవాడు పిచ్చోడనుకుని నడపాల్రా" అని నాకూ, అక్కకీ, ఆఖరికి బంకులో పెట్రోలు పోసేవాడికీ నీతులు చెబుతాడు. అదే మనిషిని పోటీ సైకిలెక్కించి గెలుపు గీత కళ్ల ముందు పెట్టండి. పక్కవాడి ప్రాణం ఆయనకి పూచికపుల్లతో సమానం.

పోటీల్లో తిరిగేవాళ్లందరూ ఆయన్ని "తలుపు" అంటారు. రోడ్డంచున పెట్టే ఇనప కంచెకీ తనకీ మధ్యలోంచి ఎవడైనా ముందుకి రాబోతే, అడ్డంగా జరిగి దారి మూసేస్తాడు. అందుకు ఆ పేరు. విని సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోతాడు. వాళ్ల నాన్న వడ్రంగి. ఆయన తలుపులు బిగించి ఇల్లు నడిపితే, కొడుకు తలుపులు మూసి నడుపుతున్నాడు.

బావ కుర్రతనమంతా బజారులో పార్సిళ్లు చేరవేస్తూ గడిచింది. లారీకీ బస్సుకీ మధ్య జానెడు సందుంటే దూరిపోయేవాడట. ఆ దూకుడు చూసే జట్టువాళ్లు తీసుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆఖరి పరుగులో ఆ కాళ్లకి తిరుగులేదు. ఆ కాళ్లు చాలవని ఆయనకెందుకు అనిపించిందో నాకు ఈరోజుకీ తెలియదు.

నన్ను జట్టులో పెట్టించింది ఆయనే. నా పని గెలవడం కాదు, గాలి తినడం. ఆఖరి కిలోమీటరులో నేను ముందుండి గాలిని చీల్చుకుంటూ పోవాలి. బావ నా వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని ఒళ్లు అలవకుండా వస్తాడు. నా ఊపిరి అయిపోయే వేళకి నేను ఎడమకి తప్పుకుంటాను. నెమ్మదిస్తున్నానని వెనకవాళ్లకి తెలిసేలా ఒక చెయ్యెత్తి ఊపుతాను. బావ నన్ను దాటి దూసుకుపోతాడు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటో వేస్తారు. అందులో నా మోచెయ్యి కనిపిస్తే అమ్మ ఇరుగుపొరుగుకి చూపిస్తుంది.

ఇక ఆ చూపు సంగతి. వాళ్లింటి ముందు గదిలో అద్దం బీరువా ఉంది. దాని ముందు సైకిల్ని స్టాండుకి బిగించి తొక్కుతూ, ఉన్నట్టుండి తల దించి ఎడమ చంక కిందనుంచి వెనక్కి చూసేవాడు. మళ్లీ తొక్కేవాడు, మళ్లీ చూసేవాడు. మెడకి వ్యాయామం కాబోలు అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, అలా ఎడమ చంక కింద చూసినప్పుడు బరువు మారి సైకిలు దానంతటదే కుడికి జరుగుతుంది. అది న్యాయనిర్ణేతలకీ తెలుసు. వెనక ఎవరొస్తున్నారో చూడబోయి జరిగాడంటే పొరపాటు, చిన్న శిక్షతో పోతుంది. కావాలని జరిగాడంటే నిషేధం. బావ పొరపాటుని అద్దం ముందు సాధన చేస్తున్నాడన్నమాట!

మొన్నటి పోటీలో పక్క జట్టు బక్కోడు కంచె పక్కనుంచి వచ్చాడు. మంచి కుర్రాడు, నోట్లో నాలుక లేనివాడు. బావ తల దించాడు, సైకిలు కుడికి జరిగింది. బక్కోడు కంచెకి కొట్టుకుని గాల్లోకి లేచాడు. వెనకవాళ్లు పదిమంది వాడి మీదా, ఒకళ్ల మీద ఒకళ్లూ పడ్డారు. బావ చేతులెత్తి గీత దాటాడు. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి బక్కోడి దవడని తీగెతో కట్టేశారు, తుంటి ఎముక రెండు ముక్కలు. మళ్లీ సైకిలెక్కుతాడో లేదో డాక్టరు చెప్పలేదు. వాళ్లమ్మ నా చొక్కా మీద జట్టు గుర్తు చూసి మొహం తిప్పేసుకుంది. ఆవిడ తిట్టినా బాగుండేది.

హోటల్లో బావదీ నాదీ ఒకే గది. నా ఎడమ పక్కంతా తుంటి నుంచి మోకాలి దాకా చర్మం లేచిపోయింది. స్నానాల గదిలో పళ్లు బిగబట్టి కడుక్కుని, మందు రాసుకుని వచ్చి పడుకున్నాను.

"ఛీ, ఏం కంపురా అది! కిటికీ తెరువు" అన్నాడు బావ. కుంటుకుంటూ వెళ్లి తెరిచాను.

విచారణ రెండ్రోజుల తరవాత పెట్టారు. ఆ పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదురా. ఆయన మాటకి అడ్డు చెప్పకు, అంతే. నిషేధం పడితే వచ్చే ఏడు ఏ జట్టూ తీసుకోదు. ఈ వయసులో మళ్లీ పార్సిళ్లు మోస్తారా?"

"బక్కోడేం మోస్తాడక్కా?"

"వాడికి వాళ్లవాళ్లున్నారు. తినే కంచంలో ఉమ్మకు, చెబుతున్నా."

ఒళ్లు మండింది. అయినా ఊఁ అన్నాను. నోరు మూసుకుని కూర్చోవాలనే వెళ్లాను, అది నిజం.

హోటల్లో ఫలహారాల గదినే విచారణకి వాడారు. బల్లల మీద ఇంకా రొట్టె ముక్కలున్నాయి. నడివయసు న్యాయనిర్ణేత ఒకావిడ, ఒకప్పుడు తనూ పోటీలు తొక్కిన మనిషే, వీడియో వేసి మళ్లీ మళ్లీ చూపించింది. తల దించడం, సైకిలు జరగడం రెండూ ఒక్కసారే కనిపించాయి. ఏది ముందో తేలలేదు. కెమెరాలన్నీ ముందున్నవాళ్ల మీదే ఉన్నాయి. పని అయిపోయి పక్కకి తప్పుకున్నవాణ్ని ఎవరు చూపిస్తారు?

"వెనక్కి చూశానంటున్నారు. చూస్తే ఏం కనిపించింది?" అని అడిగిందావిడ.

బావ తడుముకోలేదు. "మా బావమరిదండి. పక్కకి తప్పుకుని, ఎప్పట్లాగే చెయ్యి ఊపుతున్నాడు. వాడి వెనక ఎవరున్నారా అని ఇంకాస్త చూడబోయాను. అంతలోనే జరిగిపోయింది. ఆ కుర్రాణ్ని తలుచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదండి."

పక్క మంచంలో ఆయన గుర్రు రెండు రాత్రులూ విన్నవాణ్ని నేను.

ఆవిడ నా వైపు తిరిగింది. "అవునా? చెయ్యి ఊపారా?"

ఒక్క అవును చాలు. అక్క మొహం కళ్ల ముందు ఆడింది, తీగె కట్టిన దవడ కూడా ఆడింది. కానీ నన్ను రేపింది ఆ రెండూ కాదు. బావ నా వైపు చూడనైనా చూడకుండా, నా జవాబు తన జేబులో ఉన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"లేదండి" అన్నాను. "తప్పుకునేటప్పుడు ఎవడి చక్రమో నా చక్రానికి తగిలింది. చెయ్యి ఎత్తేలోపే పడ్డాను. మా బావ తల దించేటప్పటికి నేను రోడ్డు మీద బోర్లా పడి ఉన్నాను. ఆయన పడగొట్టినవాళ్లు పడింది ఆ తరవాత, నాకు చాలా దూరంలో, గీత దగ్గర. అందరూ నన్నూ వాళ్ల లెక్కలోనే కలిపేశారు."

ఆవిడ కలం కింద పెట్టింది. "అయితే మీరు చూసిందెవర్ని?" అని బావని అడిగింది.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆయన ఆరోజు తల దించాడే గానీ వెనక్కి చూడనే లేదు. తొమ్మిది నెలల నిషేధం వేశారు.

వరండాలో నా చొక్కా పట్టుకుని గోడకి అదిమాడు. తుంటి గోడకి తగిలి ప్రాణం పోయినట్టయింది.

"ముందే పడ్డావా నువ్వు? పడితే పడ్డానని చెప్పి ఏడవచ్చుగా! రెండ్రోజులు ఒకే గదిలో ఉన్నాం కదరా!"

"ఉన్నాం బావా" అన్నాను. "ఎలా పడ్డావురా అని నువ్వొక్కసారి అడిగుంటే చెప్పేవాణ్ని."

చొక్కా వదిలేశాడు. కారులో నాకు చోటు లేదన్నాడు. నేనూ ఎక్కేవాణ్ని కాను. మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. ఆయన బెల్టు పెట్టుకున్నాడు, అద్దం సరిచేసుకున్నాడు, అటూ ఇటూ జాగ్రత్తగా చూసుకుని మరీ బండి వెనక్కి తీశాడు.