తాత పేరు పట్టి తిట్టొద్దు

సౌదీలోని తబూక్‌లో బిల్డింగు సైట్లో మా మేస్త్రీది జగిత్యాల వైపు. కొత్తగా ఎవరొచ్చినా ముందు పేరుకు అర్థం అడిగేవాడు. చెప్పలేకపోతే మొహం చిట్లించేవాడు. ఆఫీసులో పనిచేసే నేనే ఆయనకు దుబాసీని.

ఒకసారి ఇటలీ నుంచి లోరెంజో అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. తన పేరు రోమ్ దగ్గరి ఒక పాత ఊరి పేరు నుంచి వచ్చిందనీ, గెలిచినవాళ్ల తలకు చుట్టే లారెల్ ఆకులతో దానికి సంబంధం ఉందనీ, ఆ ఆకును వంటల్లోనూ వేస్తారనీ చెప్పాడు.

"అంటే బిర్యానీ ఆకు! ఎవరు పెట్టిండ్రు?" అన్నాడు మేస్త్రీ.

"మా తాత పేరు. మాలో పెద్దకొడుక్కి తాత పేరే పెడతారు."

"మా తీరే! అయితే పేరు పట్టి పిలువొద్దు. తాతా అనాలె."

ఆ రోజు నుంచి అలాగే పిలిచాడు.

ఇంతలో కంపెనీలు ఇంతమంది సౌదీవాళ్లను పెట్టుకోవాలనే నితాఖత్ రూలు వచ్చింది. అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కాక ఒక్కొక్కరినే ఇంటికి పంపేస్తున్నారు. మేమంతా మేనేజరు కంట పడకుండా తిరుగుతున్నాం. ఆ ఈజిప్టు మేనేజరు ఒకరోజు "లోరెంజో!" అంటూ అందరి ముందూ తిట్లు మొదలుపెట్టాడు. మేస్త్రీ అడ్డం వెళ్లాడు.

"తాత పేరు పట్టి తిట్టొద్దు సాబ్. పెద్దమనిషికి తగుల్తది."

నేను ఆ మాటే అరబ్బీలో చెప్పాను. మేనేజరు ఫక్కున నవ్వాడు. ఆయన పెద్దకొడుకుదీ తాత పేరేనట.

మేస్త్రీ ఇకామా మాత్రం నిలవలేదు. ఆయన బస్సెక్కిన రోజు, మేనేజరు కోపంగా "లోరెం..." అని అరవబోయి, మింగేసి, "తాతా!" అని కేక పెట్టాడు.

కిటికీలోంచి మేస్త్రీ తలూపాడు. "గట్ల!"