కట్టెలకెళ్ళిన ఆర్విద్ పేజీ

హిల్కాకి కోపం రావడం నేను చూసింది ఒక్క విషయంలోనే. ‘చివరి దీవి’ సీరియల్ వికీలో ఎవరైనా అభిమానులకే అర్థమయ్యే యాస దూరిస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

సముద్రం ఒడ్డున రౌమా అనే ఊళ్ళో మేమిద్దరం ఒకే మెట్ల దారిలో ఉంటాం, ఆమె పైన, నేను కింద. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. శనివారం పొద్దున నా వంటింట్లో కాఫీ, దాల్చినచెక్క బన్ను, మధ్యలో ఆమె లాప్‌టాప్. ఆ సీరియల్ ఎప్పుడో ఆగిపోయింది కానీ మా తీరంలో ఇంకా దాన్ని చూడని ఇల్లు లేదు. దాని గురించి చూసినవాళ్ళే రాసుకునే పేజీలకి ఆమె కాపలాదారు, నేను తోడు.

"చూడు ఐలా, మళ్ళీ ‘తడిపిన్ని’ అని రాశాడు ఎవడో!" అనేది.

దీవిలో దయ్యమై తిరిగే ఆవిడకి అభిమానులు పెట్టిన ముద్దుపేరు అది.

"పోనీలే, అందరికీ తెలిసిందేగా."

"అందరికీ అంటే ఎవరికి? రేపు కొత్తగా చూడ్డం మొదలుపెట్టినవాడికి తెలుసా? మన ముచ్చట్లు చర్చా పేజీలో చెప్పుకుందాం. ఇక్కడ మాత్రం ఏం జరిగిందో అది రాయాలి. తెలియక వచ్చినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి మనలో మనం నవ్వుకుంటామా?"

ఆమెకి అన్నిటికంటే గిట్టని మాట ‘కట్టెలకెళ్ళాడు’. మొదటి భాగంలో ఆర్విద్ అనే కుర్రాడు ఓడలకి దారి చూపే దీపస్తంభంలో పనికి ఉంటాడు. మంచు తుఫానులో "కట్టెలు తెస్తా" అని తలుపు తీసుకుని వెళ్తాడు. అంతే. తర్వాత అతని ఊసే ఉండదు. రాసినవాళ్ళే మర్చిపోయారని జనం నవ్వుకున్నారు. అప్పట్నించి సీరియల్లో ఎవరు చచ్చినా ‘కట్టెలకెళ్ళాడు’ అనేవారు. హిల్కా ఆ మాట కనబడ్డ ప్రతిచోటా తీసేసి ‘చనిపోయాడు’ అని రాసేది. ఆర్విద్ పేజీలో కూడా ‘మంచు తుఫానులో చనిపోయాడు’ అనే రాసింది.

ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. కప్పు పక్కకి జరిపి చెప్పింది.

"మా అన్న ఓర్వో స్కీల మీద గడ్డకట్టిన సముద్రం దాటి దీవికి బయల్దేరాడు. నేను అప్పుడప్పుడే బడిలో చేరాను. మంచు కరిగే కాలం. రాలేదు, దొరకలేదు. ఇంట్లో ఎవరూ ‘పోయాడు’ అనలేదు. ‘దీవికెళ్ళాడు’ అనేవారు. నేను నమ్మాను. గుమ్మంలో ఎవరో బూట్ల మంచు దులిపినట్టు వినబడితే లేచి తలుపు తీసేదాన్ని. పెద్దదాన్నయ్యాక కూడా తీశాను. చివరికి ఒకరోజు నాకు నేనే చెప్పుకున్నాను, చనిపోయాడు అని. అప్పుడు ఆగింది ఆ చప్పుడు."

ఆమె కప్పులో మళ్ళీ కాఫీ పోశాను.

ఆ వసంతంలో ఎవరో ఆర్విద్ పేజీ మీద పడ్డారు. ‘చనిపోయాడు’ తీసేసి ‘కట్టెలకెళ్ళాడు’ అని రాస్తారు. హిల్కా వెనక్కి మారుస్తుంది. మర్నాటికి మళ్ళీ అదే. పేజీలో మిగతా దేన్నీ ముట్టుకోరు.

"అల్లరి పిల్లలే" అన్నాను.

"కాదు. అల్లరి చేసేవాళ్ళకి ఇంత ఓపిక ఉండదు."

చర్చా పేజీలో మర్యాదగానే అడిగింది: ‘ఈ మాట బయటివాళ్ళకి అర్థం కాదు. ఎందుకు పెడుతున్నారు?’

జవాబు వచ్చింది. పక్క ఊరు ఊసికౌపుంకి నుంచి మిర్వా అనే ఆవిడ. ‘మా ఆయన యారి చేపల వేటకి వెళ్ళేటప్పుడల్లా కట్టెలకెళ్తున్నానని చెప్పేవాడు. ఈ శీతాకాలం ముందు అలాగే వెళ్ళాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. మా పాప అడిగితే నాన్న కట్టెలకెళ్ళాడనే అన్నాను. అది పోయి ఆర్విద్‌కి ఏమైందో మీ పేజీలో చూసుకుంది. అప్పట్నించి నాతో మాట్లాడట్లేదు. చనిపోయాడని మీకెవరు చెప్పారు? మీరు చూశారా?’

హిల్కా లాప్‌టాప్ మూసేసింది. ఆ శనివారం కాఫీ తాగలేదు, ఆ తర్వాతి శనివారం కిందకే రాలేదు. వికీలో ‘తడిపిన్ని’లు గుంపులు గుంపులుగా చేరాయి. ఆమె వాటిని చూడను కూడా లేదు. మెట్ల మీద ఎదురైతే ముఖం పాలిపోయి ఉంది.

"ఐలా, రాత్రి తలుపు తీశాను" అంది.

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. బూట్ల చప్పుడు వినబడింది."

"పద, ఆవిడ దగ్గరికి వెళ్దాం" అన్నాను. చర్చా పేజీలో మిర్వాని నేనే అడిగి చిరునామా తీసుకున్నాను. ఇద్దరం బస్సెక్కాం.

మిర్వా తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. హిల్కా గుమ్మంలోనే నిలబడి ఓర్వో సంగతి చెప్పింది, నాకు చెప్పినట్టే. మిర్వా వింటూ వింటూ తలుపు వదిలేసింది. వంటింట్లో కూర్చున్నాం. ఆవిడ కాఫీ పోసింది.

"మీ అమ్మ అబద్ధం చెప్పిందంటారా?" అంది.

"అబద్ధం కాదు. కానీ నన్ను ఒంటరిగా వెతుక్కోమని వదిలేసింది."

"మరి నన్నేం చెప్పమంటారు? చచ్చిపోయాడని నా నోటితో అనమంటారా? అన్నానంటే ఆయన్ని నేనే ముంచేసినట్టు ఉంటుందండీ!"

అప్పుడు పక్క గదిలోంచి పాప వచ్చింది. పేరు విల్యా, పదేళ్ళుంటాయేమో. వాళ్ళ నాన్నదే కాబోలు, మోకాళ్ళ దాకా వేలాడే ఉన్ని స్వెట్టర్ వేసుకుంది. వాళ్ళమ్మ వైపు చూడకుండా సూటిగా హిల్కా దగ్గరికి వచ్చింది.

"ఆ పేజీ నువ్వేనా రాసింది?"

"నేనే తల్లీ."

"అందులో తప్పుంది."

"ఏం తప్పు?"

"నేను ఆ ఎపిసోడ్ మళ్ళీ మళ్ళీ చూశాను. ఆర్విద్ చచ్చిపోయినట్టు ఎక్కడా చూపించలేదు. తలుపు తీసి వెళ్తాడు. మంచు పడుతుంది. అంతే. నువ్వు చూడకుండానే రాసేశావు."

హిల్కా మొహంలో రంగు మారింది. ఒక్క అక్షరం తేడా వస్తే ఊరుకోని మనిషి. "అవును. చూడకుండానే రాశాను" అంది.

"అమ్మ రాసింది కూడా తప్పే" అంది విల్యా. "కట్టెలకెళ్తే తెచ్చేసుకుని వచ్చేస్తారు కదా. ఇద్దరూ తప్పే రాశారు."

మిర్వా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శీతాకాలం నుంచీ ఆ పిల్ల తల్లి మాట ఎత్తడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

"అయితే ఏం రాయమంటావు?" హిల్కా అడిగింది.

పాప ఆలోచించి చెప్పింది. ఆ బల్ల మీదే, మిర్వా కంప్యూటర్‌లోనే మార్చాం. ‘తుఫానులో కట్టెలు తేవడానికి బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. అతనికి ఏమైందో సీరియల్లో చెప్పలేదు.’ విల్యా దాన్ని పెద్దగా చదివింది. చదివి, తల్లి ఒళ్ళో తల పెట్టి, అప్పుడు ఏడ్చింది. మిర్వా స్వెట్టర్ మీంచి ఆ చిన్న వీపు నిమురుతూ "నాన్న తిరిగి రాలేదమ్మా, ఏమైందో నాకు తెలీదు, నాకూ తెలీదు" అంటూనే ఉంది. మేం చెప్పకుండా బయటికి వచ్చేశాం.

ఆ నవంబర్‌లో, పోయినవాళ్ళ పేర్లు చర్చిలో చదివే రోజున, మిర్వా యారి పేరు ఇచ్చింది. తల్లీకూతుళ్ళు చెయ్యి పట్టుకుని కొవ్వొత్తి వెలిగించారట. విల్యా ఇప్పటికీ వికీలో రాస్తుంది. యాస దూరిస్తే హిల్కా కంటే గట్టిగా కసురుతుంది.

వాళ్ళ మనసు కుదుటపడింది. హిల్కా మనసే కుదుటపడలేదు. ఆ పేజీ మార్చిన రోజు నుంచి ఓర్వో ఆమెకి మళ్ళీ ‘తిరిగి రాలేదు’ అయిపోయాడు. చనిపోయాడని తనకి తను చెప్పుకున్న మాట కూడా చూడకుండా రాసుకున్నదే కదా.

"ఓర్వో సంగతి వేరు, ఆర్విద్ పేజీ వేరు హిల్కా" అన్నాను ఒకసారి.

"వేరెలా అవుతుంది?" అంది.

మొన్న కళ్ళజోడు అద్దాలు మార్పించుకుందామని ఆమె దుకాణానికి వెళ్ళాను. నాకంటే ముందు ఒక ముసలాయన ఉన్నాడు, పడవలు నడిపే మనిషిలా ఉన్నాడు, డెబ్బై దాటి ఉంటాయి. ఓర్వో ఉండుంటే అదే వయసు. హిల్కా ఆయన ముందు వంగి కళ్ళజోడు సరిచేస్తోంది. సరిచేయడం ఎప్పుడో అయిపోయింది. ఇంకా ఆయన కళ్ళలోకే చూస్తోంది. ఆయన ఇబ్బందిగా కదిలాడు.

"ఏమ్మా, ఏమైనా తేడాగా ఉందా?"

"లేదండీ," అంది హిల్కా. "మీ సొంత ఊరు ఏది?"