నోవై బాంక్వెట్ హాల్లో దుబాయ్

ఆ చలికాలం నాన్న మా ఇంట్లో ఒక్కచోట కుదురుగా కూర్చున్నది తక్కువ. అక్టోబర్‌లో అమ్మతో కలిసి అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చారు, ఏప్రిల్ దాకా ఉండేట్టు. అమ్మ వారం తిరక్కుండానే కుదురుకుంది. పక్క వీధిలో ఇద్దరు స్నేహితురాళ్ళు, శనివారం గుడి, మధ్యాహ్నం సీరియల్. నాన్నకి మాత్రం కాలు నిలిచేది కాదు. పొద్దున్నే కోటు తగిలించుకుని సబ్‌డివిజన్ కాలనీ అంతా ఓ చుట్టు చుట్టి వచ్చేవారు. మంచు పడిన రోజున గరాజ్‌లోనే అటూ ఇటూ నడిచేవారు. బేస్‌మెంట్‌లోకి దిగి ఇల్లు వేడిచేసే ఫర్నెస్ పక్కన నిలబడి చెవి ఒగ్గి వినేవారు. పైకొచ్చి "అంతా బాగానే ఉందమ్మా" అనేవారు, ఎక్కడా ఏదీ పాడవకపోవడమే తనకి కష్టం అయినట్టు.

నాన్న ఇరవై ఆరేళ్ళు దుబాయ్‌లో ఒక బీచ్ హోటల్లో పనిచేశారు. ఏసీ టెక్నీషియన్‌గా చేరారు, చివరికి మెయింటెనెన్స్ అంతా ఆయన చేతికిందికి వచ్చింది. నాలుగంతస్తుల తెల్లటి భవనం, ముందు ఖర్జూరపు చెట్లు, వెనక సముద్రం. జర్మనీ నుంచీ రష్యా నుంచీ వచ్చినవాళ్ళు అక్కడ ఎండలో పడుకుని ఎర్రగా కందిపోయేవారు. మేం ఊళ్ళో కరామా అనే పేటలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఏడాదికోసారి సిబ్బంది కుటుంబాలకి ఆ హోటల్లో ఒక పూట ఇచ్చేవారు. ఆ పూట నేను ఈతకొలనులోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. నా వేళ్ళు ముడతలు పడిపోయేవి. అమ్మ గట్టున గొడుగు కింద చీర కొంగు సర్దుకుంటూ కూర్చుని, వెళ్ళిపోయే టైమ్ ఎప్పుడవుతుందా అని గడియారం చూసేది.

నేను పుట్టింది ఆ ఊళ్ళోనే. చదువుకి మిషిగన్ వచ్చింది కూడా అక్కణ్ణించే. నేను ఇక్కడ డిగ్రీ పూర్తిచేసే ఏడాది నాన్న రిటైరయ్యారు. ఉద్యోగం అయిపోతే వీసా అయిపోతుంది, వీసా అయిపోతే ఊరు అయిపోతుంది. సామాను అట్టపెట్టెల్లో సర్ది, ఫ్లాట్ తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి కాకినాడ వెళ్ళిపోయారు. నేను సెలవులకి వెళ్ళడానికి ఇక అక్కడ ఏమీ మిగల్లేదు. ఇక్కడ ఎవరైనా "మీదే ఊరండీ?" అంటే కాకినాడ అంటాను. అక్కడ నేను ఉన్నది వేసవి సెలవుల్లో నెలేసి రోజులు. కాకినాడలో ఏ వీధి అని అడిగేవాళ్ళంటే నాకు కొంచెం భయం.

జనవరిలో మా ఆయన ఫోన్‌కి ఒక ఫ్లయర్ వచ్చింది. పక్క ఊరు నోవైలో ఒక హోటల్ బాంక్వెట్ హాల్లో, ఆదివారం, దుబాయ్ ప్రాపర్టీ షో. ఆయన ఆఫీస్‌లో ఇద్దరు ముగ్గురు అప్పటికే కొన్నారట. ఊరికే చూసొద్దామన్నారు. నాన్న వార్తాపత్రిక మడిచి పక్కన పెట్టి, తనూ వస్తానన్నారు. ఆ ఆదివారం ఆయన తయారవడం చూస్తే నాకు నవ్వు వచ్చింది. ఇస్త్రీ చొక్కా, బ్లేజర్, పాలిష్ చేసిన బూట్లు. డ్యూటీకి బయలుదేరినట్టే ఉన్నారు. మేం ఇంకా కోట్లు వెతుక్కుంటుంటే ఆయన కారు పక్కన మంచులో నిలబడి ఉన్నారు.

హాల్లో తెలిసిన ముఖాలు చాలానే కనిపించాయి. ఒక బల్ల మీద ఖర్జూరాలు, యాలకుల కాఫీ, ఇంకో బల్ల మీద మన సమోసాలు. మధ్యలో అద్దాల పెట్టెలో ఊరి నమూనా, డైనింగ్ టేబుల్ కంటే పెద్దది. టవర్ల కిటికీల్లో చిన్న చిన్న దీపాలు, నీలం ప్లాస్టిక్ సముద్రంలో తెల్లటి పడవలు. దాని పక్కన నల్లసూటు వేసుకున్న అమ్మాయి ఒకామె టచ్ స్క్రీన్ మీద వేలు పెట్టగానే ఒక్కో టవర్ వెలుగుతోంది. నమస్తే అంకుల్ అని తెలుగులోనే పలకరించింది. హైదరాబాద్ అట. దుబాయ్ వెళ్ళి మూడేళ్ళయిందట.

మా ఆయన అద్దెల గురించి, ట్యాక్స్ గురించి అడగడం మొదలుపెట్టారు. నాన్న ఆ మాటలేవీ వినలేదు. నమూనా చుట్టూ నెమ్మదిగా నడుస్తున్నారు. ముందు మసీదు దొరికింది ఆయనకి. తర్వాత రోడ్డు వంపు. ఆ వంపు మీదుగా గాల్లో వేలు జరుపుకుంటూ వచ్చి, సముద్రం ఒడ్డున రెండు గాజు టవర్ల దగ్గర ఆగారు.

"ఇక్కడ ఒక హోటల్ ఉండాలి కదమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి వంగి చూసింది. "అది తీసేసిన్రు అంకుల్. ఓల్డ్ ప్రాపర్టీ. ఆ ప్లాట్‌లోనే మా ప్రాజెక్ట్ వస్తున్నది. సీ వ్యూ, ప్రైవేట్ బీచ్. ఫస్ట్ టైమ్ చూస్తున్నారా దుబాయ్?"

నేను కల్పించుకుని చెప్పబోయాను. నాన్న నా వైపు చూసి వద్దన్నట్టు తలూపారు. వంగి ఆ టవర్ల కింద పరిచిన ఆకుపచ్చ కాగితాన్ని చూశారు. తర్వాత ఆయన అడిగింది హోటల్ గురించి కాదు.

"నాలాంటివాడు కొనుక్కోవచ్చా?"

ఎవరైనా కొనుక్కోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. ఫ్లాట్‌తో పాటు వీసా కూడా ఇప్పిస్తామంది, ఉద్యోగంతో సంబంధం లేదంది, వయసుతోనూ లేదంది. నాన్న ప్రతి మాటకీ తల ఊపుతూ విన్నారు. ఆ మాటలే మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు. ఇరవై ఆరేళ్ళూ ఆయన పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు దగ్గర పడుతుందంటే ఇంట్లో గొంతులు తగ్గిపోయేవి. మేనేజర్‌కి కోపం వచ్చిన రోజున మా ఇంట్లో టీవీ పెట్టేవాళ్ళం కాదు. ఇప్పుడు ఈ పిల్ల సమోసా ప్లేటు అందిస్తూ, అదంతా ఎంత తేలికో చెబుతోంది.

ఇంటికి వచ్చాక ఆయన కోటు విప్పకుండానే మొదలుపెట్టారు. కాకినాడ ఫ్లాట్ అమ్మేస్తే ఒక స్టూడియో వస్తుంది. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. మా ఆయన ఫోన్‌లో లెక్కలు వేసి, ఇంకా పునాది కూడా పడలేదు మావయ్యగారూ, కట్టేసరికి నాలుగేళ్ళు, ఆలోచించండి అని మెల్లగా చెప్పారు. నాన్న వినలేదు. మాట్లాడుతూనే వంటింట్లోకి వెళ్ళారు, హాల్లోకి వచ్చారు, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళారు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన్ని అంత హుషారుగా చూశాను. నాకు సంతోషమో, కంగారో తెలియలేదు. పైకి చెప్పలేదు గానీ, స్టూడియో అనగానే నేనూ ఆ కిటికీలోంచి సముద్రం చూసేశాను.

అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది.  చివరికి తలెత్తకుండానే అంది.

"ఇరవై ఆరేళ్ళూ నన్ను సూట్‌కేసు మంచం కిందే పెట్టుకోమన్నారు. ఎప్పుడు పొమ్మంటారో తెలీదు, అందుబాటులో ఉండాలి అన్నారు. గోడకి మేకు కొట్టనివ్వలేదు. ఇప్పుడు డబ్బిచ్చి మళ్ళీ అక్కడికి రమ్మంటారేంటండీ? నేను రాను."

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ సాయంత్రం ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు నేను ఆఫీస్‌లో ఉండగా నాన్న ఫోన్ చేశారు. ఆ అమ్మాయి రేపు షికాగో వెళ్ళిపోతోందట, ఒకసారి కలవాలి, తీసుకెళ్తావా అన్నారు. అమ్మకి చెప్పారా అంటే, త్వరగా రా అన్నారు. నేను మీటింగ్ ఒకటి వాయిదా వేయించుకుని మధ్యాహ్నమే వచ్చి ఆయన్ని ఎక్కించుకున్నాను. దారంతా ఆయన బ్లేజర్ గుండీ పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నారు.

మేం వెళ్ళేసరికి హాలు ఖాళీ అయిపోతోంది. ఇద్దరు మనుషులు నమూనాలోంచి టవర్లు ఊడదీసి స్పాంజి వేసిన చెక్కపెట్టెల్లో పెడుతున్నారు. సముద్రాన్ని అప్పటికే చుట్టేశారు. ఆ అమ్మాయి గోడ పక్కన బూట్లు విప్పి కూర్చుని చిప్స్ తింటోంది. మమ్మల్ని చూసి గబగబా లేచి బూట్లలో కాళ్ళు దూర్చింది. ఫైల్ తీసింది. నాన్న కూర్చుని, ఫైల్ తెరవకుండా అడిగారు.

"నీకు అక్కడ ఇల్లుందా అమ్మా?"

ఆమె నవ్వింది. "ఎక్కడిది అంకుల్. బెడ్ స్పేస్. ఒక్క రూమ్‌ల నలుగురం. నేను ఎప్పుడూ టూర్లలోనే ఉంటా కదా, నా బెడ్ మీద ఇంకో అమ్మాయి పడుకుంటది."

"ఎన్నేళ్ళుంటావు?"

"టూ ఇయర్స్ వీసా. సేల్స్ మంచిగుంటే రెన్యూ చేస్తరు."

నాన్న ఆమెనే చూస్తూ ఉండిపోయారు. ఆమె మీద జాలిపడ్డారని నేననుకోను. తనకి బాగా తెలిసిన మనిషి ఎదురైనట్టు చూశారు. కాగితాలు తర్వాత చూద్దాం, ముందు మా ఇంటికొచ్చి భోంచెయ్యి అన్నారు. ఆమె మొహమాటపడింది. మా ఆవిడ చిక్కుడుకాయ కూర చేసింది అని నాన్న అనేసరికి ఒప్పుకుంది.

అమ్మకి కారులోంచే ఫోన్ చేసి చెప్పాను. నాన్న మీద కోపంతో ముభావంగా ఉంటుందేమోనని భయపడ్డాను. గుమ్మంలో ఆ పిల్లని చూడగానే అమ్మ ఆమె మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు తీసేయమంది, కాళ్ళు కడుక్కోమంది, అన్నం పెట్టింది. మొదటి ముద్దకే ఆమె కళ్ళు మూసుకుంది. రూమ్ ఎక్కడ అని అమ్మ అడిగింది. కరామా అని ఆమె అంది.

ఇక అమ్మని ఆపడం మావల్ల కాలేదు. పోస్టాఫీసు వెనక సందులో కరివేపాకు కట్టలు పెట్టుకుని కూర్చునే మలయాళీ ఆయన ఉన్నాడా? మూల మీద బేకరీలో వేడి రొట్టెలు ఇంకా కాగితంలోనే చుట్టి ఇస్తున్నారా? మా బిల్డింగ్ కింద టైలర్ ఉండేవాడు, జాకెట్లు భలే కుట్టేవాడు. ఆ అమ్మాయికి సగం తెలుసు, సగం తెలియదు. తెలిసినదానికల్లా "ఉన్నది ఆంటీ" అంటుంటే అమ్మ ముఖం విప్పారుతోంది. సెలవు రోజైన శుక్రవారం పొద్దున ఆ వీధి ఎంత ఖాళీగా ఉండేదో, పిల్లలు మధ్యరోడ్డు మీద ఎలా క్రికెట్ ఆడేవారో చెప్పింది. నేను ఎప్పుడూ విననివి కూడా చెప్పింది. నాన్న నైట్ షిఫ్టుల్లో ఉన్నప్పుడు ఎదురు బాల్కనీలో పాలస్తీనా ఆవిడా తనూ, ఒకరి భాష ఒకరికి రాకుండానే, గంటలు గంటలు మాట్లాడుకునేవారట. ఇంట్లో కూడా చెప్పనిది ఆవిడకి చెప్పుకునేదాన్ని అంది. నాన్న కంచంలో చెయ్యి ఎండిపోయినా లేవలేదు.

ఫైల్ సంగతి ఆ అమ్మాయి ఎత్తలేదు. వెళ్ళేముందు అమ్మ ఆమెకి ఆవకాయ డబ్బా కట్టిస్తుంటే నాన్నే చెప్పారు.

"నేను కొననమ్మా. నీ టైమ్ పాడుచేశాను."

"పర్లేదు అంకుల్" అందామె. "అందరూ గిట్లనే అంటరు. కానీ ఎవ్వరూ అన్నం పెట్టలే."

ఆమెని హోటల్ దగ్గర దింపి వస్తుంటే, ఎందుకు వద్దన్నారని నాన్నని అడిగాను. అమ్మ కోసమా అన్నాను. కొంత అదీ ఉందన్నారు. ఎర్ర సిగ్నల్ దగ్గర మళ్ళీ తనే అందుకున్నారు. "ఇల్లు కొనుక్కుని అక్కడ ఏం చేస్తాను చెప్పు? పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటుండాలిగా. అది పడగొట్టేశారు."

మర్నాడు అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు, నీకు అంత ఇష్టమైన ఊరని నాకెప్పుడూ తెలీదే అన్నాను. "మాట్లాడుకోవడం వేరు, వెళ్ళి ఉండడం వేరు" అని స్టవ్ తుడుచుకోవడం మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో వాళ్ళ తిరుగు ప్రయాణానికి నేనే టికెట్లు మార్చి, దుబాయ్‌లో రెండు రోజులు ఆగేట్టు బుక్ చేశాను. టూరిస్ట్ వీసా మీద, హోటల్ గదిలో. అమ్మ కూడా కాదనలేదు. రెండో రోజు నాన్న ఫోన్ చేశారు. పాత హోటల్ సైట్ దగ్గరికి వెళ్ళారట. చుట్టూ ఎత్తుగా రేకులు కట్టేశారట, రేకుల మీద నవ్వుతున్న కుటుంబాల బొమ్మలు. లోపల ఏమీ కనిపించలేదట. బాధగా ఉందా అని అడిగాను. "లేదమ్మా. కాళ్ళు నొప్పులు. మాల్ మరీ పెద్దది" అన్నారు. కరామాలో మా బిల్డింగ్ ఉందిట, రంగు మార్చారట. అమ్మ కిందనే నిలబడి పైకి చూసి, చాలు పదండి అందిట. నాన్న గొంతులో అలసట ఉంది. నేను ఎదురుచూసిన తహతహ లేదు. కాకినాడ వెళ్ళాక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో లిఫ్టులూ మోటార్లూ చూసే పని తన మీద వేసుకున్నారని అమ్మ చెప్పింది. ఇంట్లో ఉండడం లేదని విసుక్కుంది.

ఆయన కుదురుకున్నారు. నాకే ఏదో తేడాగా ఉంది. ఆ అమ్మాయి కొన్నాళ్ళు నాకు సైట్ ఫొటోలు పంపింది, తర్వాత కంపెనీ మారిందట, ఫొటోలు ఆగిపోయాయి. నేను ఖాళీ దొరికితే ఫోన్‌లో ఇళ్ళు చూస్తున్నాను. దుబాయ్‌లో, కాకినాడలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే మా ఇంటికి రెండు వీధుల అవతల. ఏం వెతుకుతున్నావు అని మా ఆయన అడిగితే, ఊరికే అంటాను. అది నిజమే. కొనాలని లేదు.

సెప్టెంబర్‌లో దగ్గర్లోనే ట్రాయ్ ఊళ్ళో ఇంకో షో పెట్టారు. మా ఆయనకి కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. వేరే కంపెనీ, వేరే నమూనా. టై కట్టుకున్న కుర్రాయన నన్ను, మేడమ్, ఎప్పుడైనా దుబాయ్ వెళ్ళారా అని ఇంగ్లీషులో అడిగాడు. అక్కడే పుట్టాను అన్నాను. "ఓ, నైస్" అని నా చేతిలో బ్రోషర్ పెట్టి వెనకాల ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. నేను నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఇందులో కరామా దాకా రానేలేదు, సముద్రం ఒడ్డు మాత్రమే ఉంది. కాఫీ తాగి బయటికి వచ్చాను.

వచ్చేటప్పుడు హైవే మీద మా ఇంటికి దిగే ఆర్చర్డ్ లేక్ రోడ్ ఎగ్జిట్ దాటిపోయింది. పరధ్యానంలో దాటిపోయిందని చెప్పలేను, బోర్డు నాకు కనిపించింది. తర్వాతి ఎగ్జిట్‌లో తిప్పుకుందామనుకున్నాను. అదీ వచ్చింది. కుడివైపు లైన్‌లోకి మారలేదు. ట్రాఫిక్ పల్చగా ఉంది, రోడ్డు మా ఊరు దాటి లాన్సింగ్ వైపు తిన్నగా పోతోంది. మా ఆయన ఫోన్ చేసి, ఎక్కడున్నావ్, కొత్తిమీర తెస్తున్నావా అన్నారు. తెస్తున్నాను, దార్లో ఉన్నాను అని చెప్పి, ఇంకాసేపు అలాగే నడిపాను.