నిజం బీరువా, అబద్ధం బీరువా

సుగుణమ్మ నోటికి నేను ఒక్కసారే దణ్ణం పెట్టాను. అదీ మనసులోనే. పైకి పెడితే నెత్తికెక్కి కూర్చునే రకం.

ఆవేళ ఆవిడ తగులుకున్నది వరప్రసాదం మాస్టారిని. రిటైరైన లెక్కల మాస్టారు. రేపల్లె స్టేషన్ రోడ్డులో రైసుమిల్లు పెద్దాయన పేరున ఒక రీడింగ్ రూము ఉంది. మాస్టారు రోజూ పదింటికి వచ్చి ఫ్యాను కింద కుర్చీ పట్టేవాడు, భోజనం వేళకి గాని లేచేవాడు కాదు. ఆ గది ఊడ్చి, పుస్తకాలు దులిపి, తాళం వేసేది సుగుణమ్మ. ఆ గది మెట్ల పక్కనే ముప్ఫయ్యేళ్ళుగా చేపల తట్ట పెట్టుకు కూర్చున్నదాన్ని నేను. లోపల ఎవరు దగ్గినా నాకు తెలుస్తుంది.

మాస్టారికి ఒక పాడు అలవాటు. డిటెక్టివ్ నవల పూర్తిచేయగానే మొదటి పేజీలో హంతకుడి పేరు పెన్నుతో రాసి, కింద గీత గీసేవాడు. తర్వాత చదివేవాడికి టైము కలిసొస్తుందట. ఆ రోజు సుగుణమ్మ పదకొండు నవలలు తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

“మాస్టారూ, ఈ రాత మీదేనా అండి?”

“నాదే. అయితే ఏంటి?”

“ఎందుకు రాశారండి?”

“జవాబు తెలిసీ దాచుకోవడం నాకు చేతకాదు. ముప్ఫయ్యారేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి.”

“లెక్కల పుస్తకంలో జవాబులు ఆఖరి పేజీలో వేస్తారు కదండి. మొదటి పేజీలో వేసిన పుస్తకం ఒక్కటి చూపించండి, నేను నోరు మూసుకుంటాను.”

పేపరు చదువుకునే నలుగురూ తలలెత్తారు. మాస్టారి మొహం కందగడ్డయింది. “ఊడ్చుకునేదానివి, నీకెందుకే ఈ పెత్తనం?” అన్నాడు.

“ఊడ్చేదాన్ని కాబట్టే అడుగుతున్నానండి. చెత్త ఎక్కడ కనపడితే అక్కడ ఊడవాలి కదా. ఇవ్వాళ ఈ పేజీల్లో కనపడింది.”

ఆయన కొట్టేస్తానన్నాడు. కొట్టేసినా కింద పేరు కనపడుతుందంది. చింపేస్తానన్నాడు. చింపితే చెయ్యి విరుగుతుందంది, అండి చేర్చి మరీ. ఆఖరికి పెన్ను ఆయన చేతికే ఇచ్చి, ఒక్కో పుస్తకంలో ఇంకో నాలుగు పేర్లు రాయించింది. అన్నిటి కిందా గీతలు గీయించింది. ఇంక ఆ అయిదుగురిలో హంతకుడెవడో బ్రహ్మక్కూడా తెలియదు. మాస్టారు అన్నానికి వెళ్ళకుండా మూడింటిదాకా పేర్లు రాస్తూ కూర్చున్నాడు. ఇంటిపేర్లు కూడా వేయించింది ఆ మహాతల్లి.

నేను పగలబడి నవ్వాను. వెంటనే గుమ్మంలోకి వచ్చింది. “నవ్వింది చాలుగాని, చేపలావిడా, మీ నీళ్ళు నా మెట్టెక్కుతున్నాయి. తట్ట అవతలకి జరపండి” అంది.

అదీ మనిషి. ఇట్లాంటిదాన్ని మెచ్చుకోబుద్ధవుతుందా ఎవరికైనా?

సుగుణమ్మది పిట్టలవానిపాలెం దగ్గర లూథరన్ల కుటుంబం. చదివింది ఏడో క్లాసు. నేను చదివింది మూడు. ఆ నాలుగు క్లాసుల తేడాని ఆవిడ నా ముందు నాలుగు డిగ్రీల్లాగా మోసేది. మొగుడు రైసుమిల్లులో బస్తాలెత్తేవాడు. మిల్లు పెద్దాయన పోయాక ఆయన భార్య రీడింగ్ రూము ఊడ్చే పని సుగుణమ్మకిచ్చింది. పెద్దాయన ఒక వరసా పద్ధతీ లేకుండా పుస్తకాలు కొన్న మనిషి. వ్యవసాయం, వంటలు, పాముకాటు, నక్షత్రాలు, కోర్టు చట్టాలు, ప్రేమ నవలలు, దొంగల నవలలు, ఎవరో కాలినడకన దేశం తిరిగిన పుస్తకం, అన్నీ కలిపి కుక్కేసి ఉండేవి. సుగుణమ్మ దులపడానికని ఒకటి తీసి, నిలబడే చదివి, ఇంకోటి తీసింది. అట్లా మొదలైంది ఆ రోగం.

వాళ్ళింట్లో అచ్చులో ఉన్నదంటే గుడిలో చదివే బైబిలే. అందుకని అచ్చయిందంటే నిజమని ఆవిడ నమ్మకం. దాంతో ఏం జరిగిందో చెప్తాను, వినండి.

ఒక నవలలో ఎవరో ఒక పిల్లతల్లి. బాపట్ల రైలు గేటు దగ్గర పెంకుటిల్లు. మొగుడు వదిలేసిపోయాడు, పిల్లకి కోరింత దగ్గు, ఇంట్లో గింజ లేదు. ఆఖరి పేజీలో ఆ తల్లి గుమ్మంలో నిలబడి రోడ్డుకేసి చూస్తూ ఉంటుంది. పుస్తకం అయిపోయింది. మన సుగుణమ్మకి ముద్ద దిగలేదు. మర్నాడు ఒక సంచిలో బియ్యం, ఒక దగ్గు మందు సీసా పెట్టుకుని పొద్దుటి రైలెక్కి, తెనాలిలో దిగి, ఇంకో రైలెక్కి బాపట్ల వెళ్ళింది. గేటు దగ్గర ప్రతి పెంకుటింటి తలుపూ కొట్టింది. ఒక ఇంటావిడ కథంతా శ్రద్ధగా విని, కళ్ళొత్తుకుని, “ఆ పాపిష్టిదాన్ని నేనేనమ్మా” అని సంచి అందుకుందట. పిల్లేదీ అంటే అమ్మమ్మ గారింట్లో ఉందందట. మందు సీసా కూడా తీసుకుంది.

స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు టీ అమ్మే అతనికి ఈ ముచ్చట చెబితే, అతను విరగబడి నవ్వి, నవలంటే కల్పించి రాసేదని చెప్పాడు. సాయంత్రం ఉత్త చేతులతో దిగి, నా ఎదురుగా మెట్టు మీద కూర్చుని, “అబద్ధాలు అచ్చేస్తారా? డబ్బులిచ్చి కొనిపిస్తారా?” అని ఊగిపోయింది. నేను మూడు రోజులు నవ్వాను. నాలుగో రోజు చేపలు కొనడానికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పి నవ్వించాను. మా ఇద్దరికీ చెడింది అక్కడే. పాతికేళ్ళ పైమాట.

ఇంకొకరైతే పుస్తకం ముట్టరు. ఈవిడ పంతం పట్టింది. గదిలో రెండు బీరువాలుంటే ఒకదాని తలుపు మీద ‘నిజం’ అని, రెండోదాని మీద ‘అబద్ధం’ అని సుద్దతో రాసింది. తర్వాత రిక్షాల మీద పేర్లు రాసే అతన్ని పిలిచి రంగుతో రాయించింది. ఇక ప్రతి పుస్తకాన్నీ పరీక్ష పెట్టడం. కోతకి ముందే వరిచేలో మినుములు చల్లాలని ఒక పుస్తకంలో ఉంటే, వేమూరు వెళ్ళి రైతుల్నడిగింది. వాళ్ళు అవునన్నారు. అది నిజం బీరువాలోకి పోయింది. వంటల పుస్తకంలో చెప్పినట్టే ఉలవచారు కాచింది. చెప్పిన టైముకి చిక్కబడలేదు. వంటల పుస్తకం అబద్ధంలో పడింది. పదేళ్ళనాటి రైలు టైముల పుస్తకం కూడా అందులోకే.

చేపల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రాక తప్పలేదు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

“పండుగప్ప ఉప్పునీళ్ళలో తప్ప బతకదని రాశారండి. అవునా?”

“రాసినవాడు పండుగప్పని పళ్ళెంలో చూసుంటాడు. సముద్రం పాయలో పట్టుకొచ్చి మంచినీళ్ళ చెరువులో వదిలితే దున్నపోతులాగా పెరుగుతుంది.”

“రాసినాయన పెద్ద డిగ్రీలున్న మనిషండి.”

“అయితే ఆయన్నే అడుక్కో. నా బేరం పాడు చేయకు.”

నన్ను కాసేపు ఎగాదిగా చూసి, ఆ పుస్తకం తీసుకెళ్ళి అబద్ధం బీరువాలో పెట్టింది. నా మాట మీద డిగ్రీలున్నాయన అబద్ధమైపోయాడు. ఆ సంగతి నేనింకా నలుగురికీ చెప్పుకుంటాను. చెప్పుకోనా మరి?

ఆ తర్వాతిది మాత్రం నాకు చెప్పుకోవడం ఇష్టం లేదు. అయినా చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఒక మధ్యాహ్నం బేరాల్లేవు. సుగుణమ్మ మెట్టు మీద కూర్చుని, ముందో మాట చెప్పకుండా, ఒక పుస్తకం పైకి చదవడం మొదలెట్టింది. ఒకడి పడవ తిరిగి రాలేదు. వాడి పెళ్ళాం ఏడవలేదు. మూడో రోజు కొళాయి దగ్గర బిందె కోసం పక్కింటిదానితో కలబడి, దాని తల పగలగొట్టింది. ఇంటికొచ్చి రెండు కంచాలు పెట్టింది. ఒక కంచం తీయబోయి, తీయలేక, రెండింట్లోనూ తనే తిన్నది.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. మా ఆయన వెంకయ్య పడవ రానప్పుడు నేను చేసిందీ ఇదే. కొళాయి దగ్గర సంగతి ఊరంతా చూసింది. రెండు కంచాల సంగతి నేను కన్నకూతురికి కూడా చెప్పలేదు.

“ఎవరు చెప్పారే నీకు?” అన్నాను.

“నాకెవరు చెప్తారండి? ఇది నవల. రాసినాయన మనూరే కాదు.”

“నా ఇంట్లో సంగతి ఎవడో ఎట్లా రాస్తాడు?”

“కల్పించాడండి.”

“నా మొగుడు పోవడం కల్పనా?”

“మీ సంగతి నిజమేనండి. పుస్తకం అబద్ధం.”

ఆ పుస్తకం లాక్కుని చేపలు కడిగిన బకెట్లో ముంచాను. ఆవిడ నా జుట్టు పట్టుకుంది. నేను ఆవిడ రవిక చించాను. రోడ్డు రోడ్డంతా వచ్చి విడదీసింది. వారం రోజులు ఆవిడ ఆ పుస్తకం పేజీ పేజీ విడదీసి ఎండలో ఆరబెట్టింది. కాగితాలు అప్పడాల్లా ఉబ్బాయి, కంపు మాత్రం పోలేదు. అంత చేసీ దాన్ని అబద్ధం బీరువాలోనే పెట్టింది. నిజంలో పెట్టమని నేను మెట్ల మీద నిలబడి తిట్టాను. అది నిజమా కాదా నాకన్నా బాగా ఎవరికి తెలుసన్నాను. ససేమిరా అంది. రెండేళ్ళు మాటల్లేవు. చేపల నీళ్ళు ఆ రెండేళ్ళూ కావాలనే మెట్టు మీదకి పోశాను.

కిందటి నెలలో మిల్లు పెద్దాయన భార్య పోయింది. కొడుకు రమేష్ బాబు తెనాలిలో ఉంటాడు. శుక్రవారం కార్లో వచ్చాడు. తెల్ల చొక్కా, అత్తరు వాసన. నా తట్ట దాటుతూ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గది సెల్‌ఫోన్ షాపుకి అద్దెకిచ్చేశాడట, సోమవారం సాయంత్రానికి ఖాళీ కావాలట. రెండు బీరువాల మీద రాతలు చదివి ముచ్చటపడ్డాడు.

“పని తేలిక చేశావమ్మా. నిజం బీరువా మా స్నేహితుడి కాలేజీకి పంపిస్తా. అబద్ధాలు సోమవారం పొద్దున పాత పేపర్లవాడు పట్టుకెళ్తాడు.”

“బాబూ, అవి కూడా మంచి పుస్తకాలేనండి.”

“మరి అబద్ధం అని రాయించింది ఎవరు?”

“నేనేనండి.”

“అన్నీ చదివే రాయించావా?”

“చదివే రాయించానండి.”

“ఇంకేంటి మరి?”

మాస్టారి నోరు మూయించిన సుగుణమ్మ తన రాతకి తనే దొరికిపోయింది. పాతికేళ్ళకి దీనికి తగిన శాస్తి జరిగిందని నాకు మహా ఆనందమేసింది. దాచుకోవడం దేనికి? ఒక కేజీ రొయ్యలు తక్కువకిచ్చాను ఆ ఊపులో.

ఆదివారం పదకొండున్నరకి, గుడి నుంచి తిన్నగా, తెల్లచీర మీదే వచ్చింది. వచ్చి, చేపలు కోసే నా పీట పక్కన, తడి నేల మీద కూర్చుంది. ముక్కుకి కొంగు పెట్టుకోలేదు.

“అక్కా” అంది.

ఇన్నేళ్ళూ చేపలావిడా అన్న మనిషి అక్కా అందంటే కొంప ముంచడానికే. నేను పొలుసు తీస్తూ తలెత్తలేదు.

“వేమూరు బళ్ళో స్టెల్లా టీచరుకి ఫోన్ చేశానండి. పిల్లల కోసం ఆ బీరువా పుస్తకాలన్నీ తీసుకెళ్తానంది. రేపు బడి వదిలాక ఆటో వేసుకొస్తుంది, నాలుగింటికి. రమేష్ బాబుకి చెబితే, పొద్దున రమ్మన్న పాత పేపర్లవాణ్ణి సాయంత్రం దాకా ఆపను పొమ్మన్నాడు.”

“అయితే ఆ పేరు చెరిపెయ్. నిజం అని రాసెయ్.”

“అది అబద్ధమవుతుంది కదండి.”

నా కత్తి విసిరి కొట్టాలనిపించింది. కొంప కాలుతుంటే కూడా వదలదు.

“పోనీ నువ్వే అడ్డం పడుకో.”

“నన్ను చెయ్యి పట్టి లాగేస్తారు. మీ తట్ట జోలికి ఎవరూ రారు. ఆ బాబు అసలు గుమ్మమే ఎక్కడు.” నా బకెట్ వైపు వేలు చూపించి, “మీ బకెట్లో ముంచిన పుస్తకం కూడా అందులోనే ఉంది” అంది.

“ఉంటే ఉంది. నాకేంటి?”

తట్టలో ఓ పాతిక కానాగంత చేపలు మిగిలాయి. ఆదివారం, ఇంకో అరగంటలో అవీ పోతాయి. సుగుణమ్మ వాటికేసి చూసింది.

“అవి అమ్మకండి అక్కా. రేపు తెండి.”

నా ఒళ్ళు మండిపోయింది. “ఏమే, ఇన్నేళ్ళలో నా తట్టలో నిన్నటి చేప చూశావా? ఎవరైనా చూశారా?”

“లేదండి. ఎవరడిగినా ఆ మాటే చెప్తాను. అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఈ ఒక్కసారికి ఆ చేపలు నిలవ ఉంచండి. ఐసు వేయకండి, ఎండలో పెట్టండి, ఆ కంపుకి దగ్గరకెవరూ రాకూడదు. రేపు పొద్దున ఎనిమిదింటికి గది తాళం తీస్తాను. మెట్లెక్కి లోపలికి రండి. ఆ అబద్ధం బీరువా తలుపులకి ఆనించి తట్ట దించి, కూర్చోండి. ఎవరేమన్నా సరే, నాలుగింటిదాకా లేవకండి.”