కాజాల పిన్ని వేసిన చుక్కలు

మీరు మా కాజాల పిన్నిని ఒక్కసారైనా కలవాలి. ఊరికే అనట్లేదు, నిజంగా కలవాలి. మా మేడ మీద ఒంటిగదిలో ఉంటుంది. టైలర్లు తెచ్చిచ్చే చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టి, గుండీలు పెడుతుంది. ఒకసారి నా చొక్కా కోసం తొందరపెడితే, "కాజా అంటే పద్ధతిగా పెట్టిన చిల్లు. తొందరపెట్టావంటే వట్టి చిల్లే మిగుల్తుంది నీకు" అంది.

పిన్నికి ఉన్నదల్లా ఒక తమ్ముడు. ఆదివారం ప్రార్థనయ్యాక వచ్చి, "అక్కా, ఈ టీలో పంచదార వేశావా, డబ్బా చూపించి వదిలేశావా" అని దెప్పి, తాగి వెళ్తాడు. వారం మొత్తంలో ఆ గదిలో ఇంకో మనిషి గొంతు వినపడేది అప్పుడే.

ఆ తమ్ముడు ఆరేళ్ళ కింద ఒక టైలర్ మాస్టర్ షాపులో కటింగ్ చేసేవాడు. ఒకరోజు కోటు గుడ్డ తాను కనపడలేదు. మాస్టర్ అందరి ముందూ వీడి సంచీ దులిపించాడు. దొరికింది అన్నం డబ్బా. అయినా దొంగ అని గెంటేశాడు. ఆ మాట అంటుకుపోయి ఇంకే షాపూ రానివ్వలేదు. ఇప్పుడు గోడౌన్లో మూటలు మోస్తున్నాడు.

మూడు వారాల కింద పాస్టర్‌గారు అననీయ గురించి చెప్పారు. ప్రవక్తా కాదు, రాజూ కాదు, మామూలు విశ్వాసి. తనలాంటివాళ్ళని పట్టి జైల్లో వేయించే సౌలు చూపు పోయి కూర్చుంటే, దేవుడు ఈయన్నే వెళ్ళమన్నాడు. అననీయ ముందు నసిగాడు. తర్వాత వెళ్ళాడు. వెళ్ళి పిలిచిన మొదటి పిలుపే సహోదరుడా అని. అలా చూపొచ్చిన సౌలే తర్వాత ఊరూరా తిరిగి దేవుడి మాట చెప్పిన పౌలు.

చివర్లో పాస్టర్‌గారు, "టైలర్ మాస్టర్‌కి కంటి ఆపరేషన్ అయింది. రెండో కన్ను ముందే మసక. ఇంట్లో ఎవరూ లేరు. నెల్లాళ్ళు రోజుకి నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి, ఎవరైనా వెళ్తారా" అన్నారు. అందరం చెప్పులు ఎక్కడ విడిచామో వెతుకుతున్నట్టు గుమ్మం వైపు చూశాం.

"నేనెళ్తా" అంది పిన్ని.

ఆ రోజు తమ్ముడు టీని దెప్పలేదు. "ఆ గుమ్మం ఎక్కావంటే నేను నీ గుమ్మం ఎక్కనక్కా."

"నాకూ వెళ్ళాలని లేదురా. వెళ్ళమన్నాడు."

"పాస్టర్‌గారా?"

"కాదు."

కప్పు అలాగే వదిలేసి మెట్లు దిగాడు.

పిన్ని వెళ్ళింది. మాస్టర్ ఎవరో ప్రార్థనకొచ్చే అమ్మ అనుకున్నాడు. ఈవిడా చెప్పలేదు. "తల వెనక్కి. ఇక కళ్ళు మూసుకోండి." అంతే మాటలు. అన్నయ్యా అనాలని నోటిదాకా వచ్చేదట, అక్కడే ఆగిపోయేదట. రెండు ఆదివారాలు రెండు కప్పులు తీసింది, ఒకటి పొడిగానే బోర్లించింది.

పదహారో రోజు వాపు తగ్గి మాస్టర్ ఆమె మొహం చూశాడు.

"నువ్వు కటింగ్ వాడి అక్కవి కదా."

"అవును."

"ఆ తాను దొరికిందమ్మా. వాణ్ణి పంపేసిన నెలకే. బల్ల వెనక పడుంది. చెప్పడానికి మొహం చెల్లక..."

పిన్ని చేతిలో మందు సీసా. గుమ్మం నాలుగడుగులు. మూత బిగించి వచ్చేసినా ఎవరూ తప్పనరు.

"తల వెనక్కి పెట్టు, అన్నయ్యా" అంది.

చుక్క పడ్డాక, "ఇది నాకు కాదు, వాడికి చెప్పు. అందరి ముందూ అన్నావుగా, అందరి ముందే చెప్పు" అంది. మాస్టర్ తలూపాడు. చెప్పడానికి మాత్రం ఇంకా కదల్లేదు. పిన్నే గోడౌన్‌కి వెళ్ళి చెబితే తమ్ముడు, "వాడి నోటితో విన్నాక చూద్దాం" అని మూట ఎత్తుకున్నాడు.

ఈ ఆదివారం కూడా రెండు కప్పులే తీసింది. మెట్ల మీద చప్పుడైతే గబుక్కున తలెత్తింది. వచ్చింది నేను.

"సౌలు ఎన్ని ఊళ్ళు తిరిగాడో బైబిల్లో రాశారు" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. "అననీయ తిరిగి తన ఇంటికెళ్ళాక ఆయనవాళ్ళు ఆయనతో మాట్లాడారో లేదో రాయలేదు. ఆయన పని అంతవరకే. మిగతాది దేవుడు చూసుకున్నాడు."

ఇంకా తొమ్మిది రోజుల చుక్కలున్నాయి. రేపు పొద్దున మళ్ళీ వెళ్తుంది. ఆ సీసా చేతిలో ఉండగా, తాను దొరికిందన్న ఆ మాట వింటే, మీరైతే ఏం చేసేవాళ్ళు?