క్యాంపు లైను తీసేసిన రోజు

"క్యాంపు లైను తీసేస్తే సరిపోతుంది" అని మా ఆయన వాళ్ళ మేనేజరు అన్నప్పుడు నేను అతని ప్లేటులో పెరుగుచట్నీ వడ్డిస్తున్నాను. ప్రమాదం తప్పదని నాకు అనిపించింది ఆ క్షణంలోనే.

సౌదీ ఉత్తర సరిహద్దు దగ్గర, ఎడారిలో, ఒక కాంట్రాక్టు కంపెనీ కట్టిన కాలనీ మాది. ఊరి కరెంటు ఇక్కడిదాకా రాదు. మాకూ, గోడ అవతల పనివాళ్ళ క్యాంపుకూ రెండు పెద్ద డీజిల్ జనరేటర్లే ఆధారం. ఎండాకాలం వస్తోందంటే ఇక్కడ పెళ్ళి హడావిడే. ఏసీలు విప్పి కడుగుతారు, కేబుళ్ళు మారుస్తారు, మీటింగుల మీద మీటింగులు పెడతారు. చలికాలం మాటెత్తితే నవ్వుతారు. ట్యాంకులో నీళ్ళు గడ్డకట్టే రాత్రులు ఏటా వస్తాయి. వీళ్ళు ఏటా నవ్వుతూనే ఉంటారు.

ఆ శుక్రవారం పొద్దున ఒక జనరేటరు స్టార్టు కాలేదు. చలికి డీజిల్ మైనంలా పేరుకుని ఫిల్టరు మూసుకుపోయింది. చలికాలానికి వేరే డీజిల్ తెప్పించాలని, ట్యాంకుకు హీటరు బిగించాలని వీళ్ళందరికీ ఎండల్లోనే తెలుసు. మధ్యాహ్నం మా ఇంట్లో కాలనీవాళ్ళందరూ కలిసి భోజనం చేస్తూ ఆ సంగతే మాట్లాడుకున్నారు.

"నేను మెయిల్ పెట్టాను సార్" అన్నాడు మా ఆయన. ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరు.

"నేనూ అప్పుడే పైకి ఫార్వర్డ్ చేశానయ్యా. అప్రూవల్ రాకపోతే నన్నేం చేయమంటావ్?" అన్నాడు మేనేజరు, ముక్క కొరుకుతూ. "ఒక్క జనరేటరు రెండు చోట్లకీ చాలదు. క్యాంపులో అందరూ మగాళ్ళేగా, దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు. ఇక్కడ చంటిపిల్లలున్నారు."

అంతకు రెండు రోజుల ముందే మా ఇంటి కుళాయి బాగుచేయడానికి క్యాంపు నుంచి ఒకతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. చలికి ఏం చేస్తున్నారని అడిగితే, "హీటరు సరిగ ఎలగకుంటే డబ్బల బొగ్గులు ఎలిగించి రూముల పెట్టుకుంటమక్కా" అన్నాడు. కిటికీ తెరిచి పెట్టుకోమన్నాను. పకపకా నవ్వాడు. "కిటికీ తెరిస్తె ఇగ బొగ్గులెందుకక్కా?"

అందుకే భోజనాల దగ్గర ఊరుకోలేకపోయాను. "మూసిన గదుల్లో బొగ్గులు పెట్టుకుంటారండీ, ప్రాణాలు పోతాయి. ఇంటికొక్క గది హీటరు ఉంచుకుని మిగతావి ఆపుకుంటే వాళ్ళకీ ఇవ్వొచ్చుగా?" అన్నాను.

మేనేజరు భార్య పెద్దగా నవ్వింది. "గీజరు కూడా ఆపమంటావేంటమ్మా? అయినా ఆయాసం మీ చిన్నోడికేగా! నీ కోసం చూస్తుంటే నువ్వే అడ్డంపడతావేం?"

మిగతావాళ్ళూ నవ్వారు. మూడేళ్ళవాడి ఆయాసం. వాడి ఊపిరి వింటూ నేను ఎన్ని రాత్రులు కూర్చున్నానో వీళ్ళకేం తెలుసు? దాన్ని తెచ్చి తమ గీజర్లకు అడ్డం పెట్టుకున్నారు.  ఆ నవ్వుల మధ్యే ఖుబానీ కా మీఠా రెండోసారి వేయించుకున్నారు.

అందరూ వెళ్ళాక మా ఆయన అన్నాడు, "బొగ్గులు వాడొద్దని క్యాంపు ఇన్‌ఛార్జికి మెసేజ్ పెట్టాను."

"చూశాడా?"

"పెట్టాను కదా!"

"మీరు వెళ్ళి చెప్పండి. గోడ అవతలేగా."

"మేనేజరు నిర్ణయం అది. నేను వెళ్తే బాగోదు."

ఆడవాళ్ళను క్యాంపు గేటు దాటనివ్వరు. కుళాయి అతని నంబరుంటే చేశాను. స్విచాఫ్. మా ఆయన లైను తీయించడంతో క్యాంపులో దీపాలు అప్పటికే ఆరిపోయాయి, ఫోన్లకు చార్జింగు మాత్రం ఎక్కడిది? మా హీటర్లు కట్టేసి పిల్లలిద్దరినీ నా రెండు పక్కలా పడుకోబెట్టుకున్నాను. దానివల్ల గోడ అవతల ఒక్క బల్బూ వెలగలేదు.

తెల్లవారుతుండగా అంబులెన్సు వచ్చింది. ఒకే గదిలో పడుకున్న ముగ్గురిని ఎక్కించారు. ఇద్దరికి ఆసుపత్రిలో తెలివొచ్చింది. కుళాయి అతనికి రాలేదు.

మేనేజరు కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు: క్యాంపులో బొగ్గులు నిషేధం, ఉల్లంఘిస్తే బాధ్యత వారిదే. కింద ఆయన భార్య దణ్ణం బొమ్మలు పెట్టింది. మర్నాడే చలికాలపు డీజిల్ ట్యాంకరు గేట్లోకి వచ్చింది. ఇన్ని నెలలుగా రాని అప్రూవల్ ఒక్క శవం లేచేసరికి వచ్చేసింది.

టిఫిను దగ్గర మా ఆయన పెద్దదానికి చెబుతున్నాడు. "గదిలో నిప్పు పెట్టుకోకూడదమ్మా. ఆ అంకుల్ పెట్టుకున్నాడు, అందుకే అలా అయింది."

ఆరేళ్ళది అడిగింది, "అంకుల్‌కి తెలీదా?"

దాన్నీ, చిన్నవాణ్ణీ దగ్గరకు తీసుకున్నాను.  మా ఆయన వింటుండగానే చెప్పాను.

"అంకుల్‌కి చలేసింది. ఆయన గదికి వెళ్ళే కరెంటు తీసి మనింటికిచ్చారు. తీసినవాళ్ళలో నాన్న కూడా ఉన్నారు. తమ్ముడి కోసమని అందరికీ చెప్పారు. తమ్ముడు వాళ్ళనేమీ అడగలేదు. తప్పు అంకుల్‌దని ఎవరన్నా సరే, కాదని చెప్పండి. పెద్దవాళ్ళన్నా సరే, చెప్పండి."