గాలికి ఎదురు ఉరుకు!

మూడేళ్ల కిందట గోదావరిఖనిలో మా ఇంటి వెనక తొట్లలో చేపపిల్లల మేతకు నాచు పెంచేదాన్ని. ఒక ఉదయం చూస్తే పచ్చటి నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. కంటికి ఆనని పురుగులు నాచును తినేస్తున్నాయి. వాటిని చంపాలన్న తొందరలో, ముందురోజు నాచుకు ఎరువుగా అమ్మోనియా కలిపిన బకెట్‌ను కడగకుండానే అందులో బ్లీచింగ్ పౌడర్ కలిపాను. రెండూ కలవగానే గుప్పున ఘాటైన ఆవిరి లేచింది. కళ్లు మండాయి, ఊపిరాడలేదు. ఇంటివైపు పరుగెత్తాను. గాలీ అటే వీస్తోంది, ఆవిరి నా వెంటే వచ్చింది.

అప్పుడే రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన అరిచారు: "అటు పోకే! గాలికి ఎదురు ఉరుకు!" బొగ్గుబాయిలో నేర్చుకున్న పాఠమది. చెయ్యి పట్టి అవతలికి గుంజుకుపోయారు.

రోజూ ఆయన బాయిలోకి దిగుతుంటే వణికేది నేను. ఆ రోజు నాకు ఊపిరి కుదుటపడ్డాక కూడా, నన్ను పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది.